షుగరు పుస్తకంలో అబద్ధం

పోయిన ఏడాది జూన్‌లో, మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలనగా, రాత్రి అందరూ పడుకున్నాక మా పాప షుగరు పుస్తకం ముందేసుకుని అంకెలు దిద్దాను. 268 ఉన్న చోట 142 చేశాను. 311ని 171 చేశాను. పెన్సిల్‌తో రాసే అలవాటు కాబట్టి పని తేలికైంది. మూడు నెలల పుస్తకంలో మొత్తం పదకొండు చోట్ల దిద్ది, కాగితం మీద రబ్బరు పొట్టు ఊదేసి పడుకున్నాను. పాపకి అప్పుడు ఆరేళ్ళు. టైప్ వన్ డయాబెటిస్ అని తేలింది మూడున్నరేళ్ళప్పుడు.

నేను కాలేజీలో సాహిత్యం చెప్తాను. స్త్రీల డైరీలు, ఉత్తరాలు, ఆత్మకథలు ఎలా చదవాలో, రాసిన మాటలతో పాటు రాయకుండా మింగేసిన మాటల్ని ఎలా పట్టుకోవాలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని. ఆ రాత్రి నా ఒళ్ళో ఉన్నది కూడా అలాంటి రచనే అని నాకు తట్టలేదు. తట్టిన తర్వాత, ఇదే జబ్బు చుట్టూ పుట్టిన మరికొన్ని రచనల పక్కన పెట్టి దాన్ని చదవాలనిపించింది.

ముందు పుస్తకం సంగతి. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్. స్కేలుతో గీసిన నిలువు గీతలు. తేదీ, టిఫిన్‌కి ముందు, తర్వాత, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు, రాత్రి రెండు గంటలకి. ఒక్కో గడిలో ఒక అంకె, దాని కింద ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు. చివర 'వివరాలు' అని ఒక సన్నటి గడి. అందులో ఏమీ పట్టదు.

పెద్దవాళ్ళకొచ్చే షుగరుతో దీన్ని కలిపేస్తారు కాబట్టి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. టైప్ వన్‌లో శరీరం తన రక్షణ వ్యవస్థతోనే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని నాశనం చేసుకుంటుంది. తీపి ఎక్కువ తిన్నందువల్ల వచ్చేది కాదు. మాత్రలతో, కాకరకాయ రసంతో, నడకతో తీరేదీ కాదు. ఇన్సులిన్ బయట్నించి ఇవ్వాల్సిందే, రోజూ, బతికున్నన్నాళ్ళూ. తక్కువైతే రక్తంలో షుగరు పెరిగి, కీటోన్లు చేరి ప్రాణం మీదికొస్తుంది. ఎక్కువైతే షుగరు పడిపోయి, పిల్ల చెమటలు పట్టి, మాట తడబడి, ఫిట్స్ దాకా పోవచ్చు. 70కి కిందికి వెళ్తే తక్కువ. 54కి కిందికి వెళ్తే ప్రమాదం. పైన గోడ, కింద గొయ్యి, మధ్యలో పిల్ల ఆడుకుంటూ ఉంటుంది.

ఒక పొద్దుటి లెక్క చూడండి. మా ఇంటి ఇడ్లీ ఒకటి పన్నెండు గ్రాముల పిండిపదార్థం అని వేసుకున్నాను. మూడు తింటుందనుకుని ముప్ఫయ్యారు గ్రాములకి రెండు యూనిట్లు ఇస్తాను. ఇన్సులిన్ ఒంట్లోకి పోయాక పాప ఒకటిన్నర తిని "చాలమ్మా" అంటుంది. పెద్దవాళ్ళకైతే అదేం పెద్ద సంగతి కాదు. ఇక్కడ మిగిలిన ఒకటిన్నర ఇడ్లీ కోసం నేను పాల గ్లాసు పట్టుకుని, అరటిపండు పట్టుకుని, చివరికి ఏ బిస్కెట్టైనా సరేనని బతిమాలుతూ వెనకాల తిరగాలి. పోనీ తిన్నాక చూసి ఇద్దామంటే, ఇన్సులిన్ పని మొదలుపెట్టేలోపు షుగరు ఎగిరిపోతుంది. పుస్తకంలో 268 అని పడేది అలాగే. ఆ ఇడ్లీ, ఆ బతిమాలడం, నేను ఎక్కాల్సిన తొమ్మిదింటి బస్సు అంకెలోకి రావు.

మరి ఆ అంకెకి నేనెందుకు భయపడ్డాను? ఆస్పత్రిలో నన్ను పేరుతో పిలవరు, "మమ్మీ" అంటారు. "మమ్మీ, పుస్తకం చూపించండి." అంకెలు బాగుంటే "వెరీ గుడ్ మమ్మీ". బాగాలేకపోతే, "ఏమ్మా, ఏం పెడుతున్నావు?" అంటారు. మా డాక్టరు మంచి మనిషి, ఆవిడా ఇద్దరు పిల్లల తల్లే. అయినా ఆ ప్రశ్న మా ఆయన్ని అడగడం నేను వినలేదు. ఆయన పక్కనే కూచుని ఉంటారు.

ఇంట్లో ఆ ప్రశ్నకి ఇంకో రూపం ఉంది. తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు నొప్పించాలని కాదు గానీ, "మా ఇంటా వంటా లేదమ్మా" అన్నారు. అంటే మీ వైపు నుంచే వచ్చి ఉండాలని. నిజానికి ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి కుటుంబంలో ఎవరికీ ఉండదు. ఇంకో చిత్రం, తల్లికి టైప్ వన్ ఉన్నప్పటి కంటే తండ్రికి ఉన్నప్పుడే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ. ఈ సంగతి తెలిసిన రోజున అత్తగారికి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. చెయ్యలేదు.

మన భాషలో తీపికి ఉన్న గౌరవం ఇంకేదానికీ లేదు. శుభవార్త చెప్తే నోరు తీపి చేస్తాం, పిల్ల నడిస్తే అరిసెలు పంచుతాం. నేను చదివిన కథల్లో షుగర్ వ్యాధి అంటే భార్యకి తెలియకుండా లడ్డూ తినే ముసలాయన, నవ్వు పుట్టించే వేషం. ఆ నవ్వు వెనక ఆయన మాత్రలు లెక్కపెట్టే భార్య అక్కడా కనపడదు. పిల్లల షుగరు గురించి మనకి మాటే లేదు. వైద్యం నుంచి తెచ్చుకున్న మాటలున్నాయి, వాటినీ కాస్త తడిమి చూడాలి. సూసన్ సాంటాగ్ 1978లో క్షయ, కాన్సర్ల చుట్టూ అల్లుకున్న రూపకాల గురించి రాసింది. ఈ జబ్బుకీ తన రూపకాలున్నాయి. జబ్బు బయటపడ్డ కొత్తలో మిగిలిన కాసిని కణాలు కొన్నాళ్ళు పనిచేస్తాయి, ఇన్సులిన్ తక్కువ సరిపోతుంది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు 'హనీమూన్'. మూడున్నరేళ్ళ పిల్ల ఫైల్లో ఆ మాట చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ హనీమూన్ అయిపోయాక వచ్చే మాట 'కంట్రోల్'. ఆ మాట వ్యాకరణం గమనించండి. షుగరు కంట్రోల్లో ఉంది అంటే కర్త ఎవరో చెప్పరు. కంట్రోల్లో లేదు అన్నప్పుడు మాత్రం అందరూ కర్త వైపు తిరిగి చూస్తారు.

పైగా పాసు మార్కు కదులుతూ ఉంటుంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష హెచ్‌బిఎవన్‌సి. 2005లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆరేళ్ళ లోపు పిల్లలకి 7.5 నుంచి 8.5 మధ్య ఉంటే చాలంది, షుగరు పడిపోవడమే పసివాళ్ళకి పెద్ద ప్రమాదమని. 2014లో పిల్లలందరికీ 7.5 లోపు అంది. 2020లో చాలామందికి 7 లోపు. కొత్త రకం ఇన్సులిన్లు, సెన్సర్లు వచ్చాయి కాబట్టి మార్చారు, కారణాలు సరైనవే. కానీ 2005లో 8.2 తెచ్చిన తల్లి మంచి తల్లి, ఇవాళ అదే 8.2 తెస్తే అజాగ్రత్త. గట్టి అదుపు మేలు చేస్తుందని తేల్చిన పెద్ద అధ్యయనం 1993లో వచ్చింది. అందులో చేరిన 1,441 మందీ పదమూడు నుంచి ముప్ఫై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళు. ఇడ్లీ సగంలో వదిలేసి పరిగెత్తే వయసు వాళ్ళెవరూ అందులో లేరు.

ఇప్పుడు ఇంకొక రచన. ఎలిజబెత్ హ్యూస్ అని ఒక అమ్మాయి. తండ్రి అమెరికా విదేశాంగ మంత్రి. 1919లో, పదకొండేళ్ళప్పుడు ఈ జబ్బు బయటపడింది. ఇన్సులిన్ లేదు. డాక్టర్ ఫ్రెడరిక్ అలెన్ పద్ధతిలో వైద్యమంటే లంఖణమే. లంఖణం పరమౌషధం అని మనవాళ్ళూ అంటారు గానీ, ఇది మూడేళ్ళ లంఖణం. ప్రతి ముద్దా తూచి పెట్టడం, షుగరు కనిపిస్తే ఆ ముద్ద కూడా తీసేయడం. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఎలిజబెత్ తల్లి ఆంటొనెట్ డాక్టర్ బాంటింగ్‌కి ఉత్తరాలు రాసి, ఆగస్టులో కూతుర్ని టొరంటో చేర్చింది. ఎలిజబెత్‌కి పదిహేనేళ్ళు నిండబోతున్నాయి. బరువు 45 పౌండ్లు, అంటే ఇరవై కిలోలు.

అక్కడ నర్సుతో ఉండిపోయిన ఎలిజబెత్ తల్లికి రాసిన ఉత్తరాలు టొరంటో విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. ఉత్సాహం పొంగిపోయే ఉత్తరాలవి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంత బరువు పెరిగింది. ఇన్సులిన్ చరిత్ర రాసినవాళ్ళంతా వాటిని అద్భుతం జరిగిందనడానికి సాక్ష్యంగా వాడుకుంటారు. అద్భుతమే, కాదనను. మా పాప బతికి ఉన్నది దానివల్లే. కానీ ఆ ఉత్తరాలు చదివేది ఎవరు? మూడేళ్ళు కూతురు చచ్చిపోతుందని చూస్తూ కూచున్న తల్లి. ఆ తల్లికి ఏ పిల్ల బాధ రాస్తుంది? ఆ రోజుల ఇన్సులిన్ శుద్ధి లేనిది, మోతాదు పెద్దది, సూది పొడిచిన చోట వాచి నొప్పి చేసేది. ఆ నొప్పి ప్రస్తావన వచ్చినా, వెంటనే దాన్ని కప్పేస్తూ భోజనం జాబితా. ఆ అమ్మాయి కూడా అంకెలు దిద్దుతోందని నాకనిపిస్తుంది. అబద్ధాలాడిందని కాదు. చదివే మనిషి మొహం కళ్ళ ముందు పెట్టుకుని రాసింది.

ఆ తర్వాత ఆవిడ దాదాపు అరవయ్యేళ్ళు బతికింది. 1930లో పెళ్ళి, ముగ్గురు పిల్లలు, 1981లో మరణం. చరిత్రకారుడు మైఖేల్ బ్లిస్ లెక్క ప్రకారం సుమారు 42,000 ఇంజక్షన్లు. ఆ అరవయ్యేళ్ళూ జబ్బు సంగతి దాదాపు ఎవరికీ తెలియనివ్వలేదు. తండ్రి కాగితాల్లో తన జబ్బు ప్రస్తావనలు కూడా తీయించేసింది. ప్రపంచానికి మిగిలింది తల్లి కోసం రాసిన ఆ కొన్ని నెలల సంతోషం.

చదివేవాళ్ళ కోసం దిద్దిన రాత ఏం చేస్తుందో నాకు ఆ జూన్‌లోనే తెలిసింది. డాక్టరు పుస్తకం చూసి బాగుందన్నారు. రక్తపరీక్ష మాత్రం 8.4 చూపించింది. పుస్తకానికీ పరీక్షకీ పొంతన లేదు. ఆవిడ ఆలోచించి, "పగలంతా బానే ఉంది కాబట్టి రాత్రి మనం చూడని టైములో పెరుగుతోందేమో" అని రాత్రి ఇచ్చే ఇన్సులిన్ ఒక యూనిట్ పెంచారు. నేను నోరెత్తలేదు. మూడో రాత్రి మూడింటికి పాప పక్క తడిసిపోయి ఉంది. ఉచ్చ పోసిందనుకున్నాను. చెమట. మీటరు 47 చూపించింది. గ్లూకోజు నీళ్ళు చెంచాతో బుగ్గలో పోస్తూ పదిహేను నిమిషాలు. 61. మళ్ళీ పోశాను. 98. పాప కళ్ళు తెరిచి, "అమ్మా, బడి టైమైందా?" అంది. మా ఆయన లేచి నిలబడి ఉన్నారు, ఏం చెయ్యాలో ఆయనకి తెలియదు. తప్పు ఆయనొక్కరిదే అనను. నేర్పించేంత ఓపిక నాకూ లేకపోయింది, నేర్పితే నా స్థానం పోతుందేమోనన్న చిన్న స్వార్థం కూడా ఉందేమో.

ఈ జబ్బు మీద వచ్చిన సినిమాలు ఎరిగేది ఇలాంటి రాత్రినే. 'స్టీల్ మాగ్నోలియాస్' 1989లో వచ్చింది. పెళ్ళిరోజు బ్యూటీ పార్లర్లో జూలియా రాబర్ట్స్‌కి షుగరు పడిపోతుంది, తల్లి శాలీ ఫీల్డ్ జ్యూసు గ్లాసు నోటికి ఆనిస్తుంది, కూతురు తోసేస్తుంది. షుగరు పడిపోయిన మనిషి చిరాకు, విదిలించుకోవడం, ఆ తల్లి మాట గట్టిగా చెయ్యడం అచ్చం అంతే. ఆ తర్వాత కథ త్యాగం దారి పడుతుంది. డాక్టర్లు వద్దన్నా కూతురు బిడ్డని కంటుంది, కిడ్నీలు పోతాయి, తల్లి కిడ్నీ ఇస్తుంది, అయినా కూతురు చనిపోతుంది. కిడ్నీ ఇస్తే కథ. రోజుకి ఏడుసార్లు వేలు గుచ్చితే దినచర్య. రచయిత రాబర్ట్ హార్లింగ్ తన సొంత చెల్లెలి మరణం నుంచి ఆ నాటకం రాశాడు కాబట్టి అతని దుఃఖాన్ని తప్పుపట్టలేను. కానీ షుగరున్న ఆడపిల్ల తల్లి కావడమంటే చావే అన్న భయాన్ని ఆ సినిమా చాలా ఇళ్ళలో నాటి ఉంటుంది. ముగ్గుర్ని కన్న ఎలిజబెత్ ఆ కథకి ఎప్పుడో జవాబు చెప్పింది, ఎవరికీ వినపడకుండా.

'పానిక్ రూమ్' 2002 నాటిది. విడాకులు తీసుకున్న తల్లి, షుగరున్న కూతురు, ఇంట్లో దొంగలు. తల్లీకూతుళ్ళు దాక్కున్న గదిలో పిల్ల షుగరు పడిపోతూ ఉంటుంది, ఇంజక్షన్ బయట ఉండిపోయింది. ఉత్కంఠ కోసం జబ్బుని గడియారంలా వాడుకున్నారు. నాకు ఎక్కువ నచ్చింది ఒకటే. చివరికి పిల్లకి ఆ గ్లూకగాన్ ఇంజక్షన్ ఇచ్చేది దొంగల్లో ఒకడు. అప్పటిదాకా ఎప్పుడూ చెయ్యని మనిషి, అక్కడికక్కడ నేర్చుకుని చేస్తాడు. మా ఆయన్ని పక్కన కూచోబెట్టి ఆ దృశ్యం రెండుసార్లు చూపించాను.

తండ్రులు ఈ కథలో అసలు లేరని కాదు. అమెరికాలో 2013లో ఒక ఇంజనీరు తండ్రి, నాలుగేళ్ళ కొడుకు సెన్సర్ అంకెల్ని ఎక్కడున్నా చూసేలా ప్రోగ్రామ్ రాశాడు. దాన్నుంచి నైట్‌స్కౌట్ అనే పెద్ద ఉద్యమమే పుట్టింది. దానికి పేరుంది, నినాదముంది, చరిత్ర ఉంది. అంతకు ముందు తల్లులు అలారం పెట్టుకుని లేచిన రాత్రులకి చరిత్ర లేదు. అయితే ఇక్కడ నా వాదం పూర్తిగా నిలవదు. ఇన్సులిన్ పంపుని సెన్సర్‌తో తనంతట తాను నడిచేలా కలిపి, ఆ పద్ధతిని అందరికీ ఉచితంగా ఇచ్చినవాళ్ళలో ముందున్నది డేనా లూయిస్, టైప్ వన్ ఉన్న స్త్రీ. నిద్రలో అలారం వినపడక చచ్చిపోతానేమోనన్న భయంతో మొదలుపెట్టింది. తన ఒంటి గురించి తనే రాసుకున్న రచన అది.

సెన్సర్లు మేమూ అప్పుడప్పుడూ పెడతాం, కొనగలిగిన నెలల్లో. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద నా పక్కన కూచున్న ఒకామె సంగతి వేరు. కూలికి పోతుంది, ఎనిమిదేళ్ళ కొడుకు. స్ట్రిప్పులు కొనలేక రోజుకి ఒకటే. ఆమె పుస్తకంలో వారానికి ఏడు అంకెలు, మిగతా గళ్ళు ఖాళీ. ఫ్రిజ్ లేదు, ఇన్సులిన్‌ని తడిబట్ట చుట్టిన మట్టికుండలో పెడుతుంది. ఎండాకాలంలో దానికి అదే సరైన ఉపాయం. చదువు రాదు గానీ సిరంజి మూతల రంగులు చూసి గుర్తు పెట్టుకుంది. మన దగ్గర ఇన్సులిన్ మిల్లీలీటరుకి నలభై యూనిట్లదీ ఉంది, వందదీ ఉంది. నలభైకి ఎర్ర మూత, వందకి నారింజ మూత. వంద యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజిలో అదే గీత దాకా ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. ఒకసారి దుకాణంలో మారిపోయి ఇస్తే ఆమే పట్టుకుందట. ఆ సంగతి పుస్తకంలో ఏ గడిలో రాస్తారు? లోపల ఆమెని అడిగింది మాత్రం ఖాళీ గళ్ళ గురించే. 1923లో ఇన్సులిన్ పేటెంటుని పరిశోధకులు ఒక్కొక్క డాలరుకి విశ్వవిద్యాలయానికి రాసిచ్చేశారని క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు ఆ కుండ గుర్తొస్తుంది. నేను పదకొండు అంకెలు దిద్దాను. ఆమెకి దిద్దడానికి కూడా అంకెలు లేవు.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. మా పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచి, "ఆడపిల్లే, బయట చెప్పకు. రేపు సంబంధాలప్పుడు..." అంది. ఏడేళ్ళు నిండని పిల్ల గురించి. కోపమొచ్చింది గానీ, ఎలిజబెత్ గురించి చదివిన నాకు పెద్దమ్మని కొట్టిపారేసే ధైర్యం లేదు. మంత్రి కూతురు, చదువుకున్నది, డబ్బున్నది, అరవయ్యేళ్ళు దాచింది. ఆమెకి పిరికితనమనే మాట అంటగట్టలేను. దాచడం ఆమె తీసుకున్న నిర్ణయం. మా పాప తరఫున ఆ నిర్ణయం నేనూ పెద్దమ్మా ఇప్పుడే చెయ్యడం వేరు. పుస్తకంలో అంకెలు దిద్దిన రాత్రి కూడా నేను చేసింది అదేనేమో. పాప ఒంటిని పాపకి తెలియకుండా తిరగరాయడం.

పాపకి తెలిసిపోయింది కూడా. అంకెలు చదవడం వచ్చాక మీటరు జ్ఞాపకాన్ని వెనక్కి నొక్కుతూ ఆడుకునేది. ఒకరోజు పుస్తకం పక్కన పెట్టుకుని, "అమ్మా, ఇక్కడ రెండు, ఆరు, ఎనిమిది. నువ్వు తప్పు రాశావు" అంది. దిద్దిన వాటిలో మీటర్లో ఇంకా మిగిలి ఉన్నవన్నీ ఇద్దరం కూచుని వెనక్కి మార్చాం. ఈసారి పెన్నుతో. 'వివరాలు' గడి వెడల్పు చేశాను. రెండు వారాల నుంచి రాత్రి రెండు గంటల గడిలో మా ఆయన చేతిరాత కూడా ఉంటోంది, కొక్కిరి గీతలు.

సెప్టెంబరులో డాక్టరుకి చెప్పేశాను, అంకెలు నేనే మార్చానని, అందుకే ఆ రాత్రి 47 అయిందని. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చాలామంది మారుస్తారు. మేం అడిగే తీరు అలా ఉంటుందేమో" అని పేజీలు తిప్పుతూ 268 దగ్గర ఆగారు.

"ఇక్కడ ఏమైంది?" అని అడిగారు. నా వైపు చూడలేదు, పాపని అడిగారు.

"చింటూ బర్త్‌డే," అంది పాప. "రెండు ముక్కలు తిన్నా. అమ్మకి ఒకటే అని చెప్పా."